జంటగా వచ్చిన తప్పులు

"ఈ సాయంత్రం నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారండీ, చేయని తప్పుకి!" అంటూ కుర్చీలో కూలబడింది ల్యాబ్ డాక్టరమ్మ.

జనం నిదానంగారని పిలిచే డిటెక్టివ్ పేరుకు తగ్గట్టే కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన సహాయకుడికి మాత్రం కాలు నిలవలేదు.

సంగతేమిటంటే, రోగుల నమూనాల్లో ఏ బాక్టీరియా ఉందో దానంతటదే చెప్పే మెషిన్ ఒకటి ఆసుపత్రికి వచ్చింది. కొనేముందు దాన్ని పరీక్షించాలి. జవాబు ముందే తెలిసిన ప్రతి నమూనానూ మూతలున్న రెండు గాజు ప్లేట్లలో పెంచి, నంబర్లు మాత్రం వేసి, ఒకటి మెషిన్‌కు, ఒకటి డాక్టరమ్మకు ఇచ్చారు. మెషిన్ అన్నీ సరిగ్గా చెప్పింది; ప్లేటులోని రంగు చూడగానే పట్టేస్తుందని పేరున్న మనిషి నాలుగు ప్లేట్లలో తప్పింది.

"ప్లేట్లు ఎవరిచ్చారు?" అడిగారు నిదానంగారు.

"మా విభాగం పెద్ద, మాస్టారు. నాకు ఓనమాలు దిద్దించిందే ఆయన. స్వయంగా మూతల మీద నంబర్లు అంటించి నా చేతికిచ్చారు. ఆయన్ని అనుమానిస్తే కళ్ళు పోతాయి."

"అయితే మెషిన్ ఇంజనీరే! తన సరుకు నెగ్గాలిగా," అన్నాడు సహాయకుడు.

ల్యాబు ఫ్రిజ్‌లోని పాత ప్లేట్లను నిదానంగారు తిరగేసి చూశారు. అన్నిటికీ అడుగునే రాత. "మూత మీద రాస్తే మాస్టారు వేళ్ళ మీద కొట్టేవారు," అందామె నవ్వుతూ. ఫలితాల్లో ఏడో నంబరుకు ఆమె చెప్పిన పేరును మెషిన్ తొమ్మిదికి చెప్పింది. తొమ్మిదికి ఆమె చెప్పింది ఏడుకు చెప్పింది. మిగతా రెండు తప్పులదీ అదే తంతు.

సాయంత్రం సూపరింటెండెంటు గదిలో అందరూ చేరారు.

"కళ్ళు పొరబడితే ఇలా జంటలుగా పొరబడవు," అన్నారు నిదానంగారు. "మారింది మూతలు. ఆమె ప్లేట్లలో ఉన్నదాన్నే ఇందాక మెషిన్‌కిచ్చాం. అదీ ఆమె చెప్పిన పేర్లే చెప్పింది."

అందరి చూపూ ఇంజనీరు మీద పడింది.

"ఆయన ఈ ప్లేట్లను తాకనేలేదు," అన్నారు నిదానంగారు. " మూతలు మారిపోతాయనే కదా అడుగున రాయమని కొట్టి నేర్పారు, మాస్టారూ? ఈ ఒక్కసారి మూత మీదెందుకు అంటించారు?"

"నా కళ్ళకు రంగులు ఆనడం లేదు," అన్నారు మాస్టారు. "ఆమె నెగ్గితే మెషిన్ కొనరు. సందేహమొచ్చిన ప్రతి ప్లేటూ నా ముందుకే తెస్తారు. ఎన్నాళ్ళని దాచను?"

డాక్టరమ్మ మాస్టారి వైపు తిరిగింది.

"నాతో ఒక్క మాట చెబితే నేనే చూసి పెట్టేదాన్ని కదా మాస్టారూ! ఎవరికైనా తెలియనిచ్చేదాన్నా?"

"నీకే తెలియకూడదనుకున్నానమ్మా."

ఆమె ఉద్యోగం నిలిచింది. మెట్ల దగ్గర మాస్టారు తడబడితే చేయి పట్టుకుని కిందిదాకా దింపింది. ఆ తరువాత చేయి వదిలి, వెనక్కి చూడకుండా ల్యాబులోకి వెళ్ళిపోయింది.