తొక్కని దేశాలు

హనుమకొండలో రాత్రి మొదలైన వాన తెల్లారేసరికి వెలిసింది. వంటింట్లో పద్మలత ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద ఉప్మా పెట్టి, మధ్యమధ్యలో వరండాలోకి వచ్చి ఆకాశం చూసి వెళ్తోంది. గడప పక్కన ఆమె సంచీ సిద్ధంగా ఉంది. అందులో టిఫిన్ డబ్బా, దాని పక్కన రెండు రంగు డబ్బాలు, పాత గుడ్డలో చుట్టిన కుంచెలు.

"అన్నం డబ్బా పక్కపొంటి రంగు డబ్బాలేంది బిడ్డా? మూత ఊడితే పచ్చరంగు అన్నం తింటవా?" అంది అత్త మొగిలమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"మూతలు గట్టిగనే ఉన్నయి అత్తమ్మా. ఇయ్యాల్టితోని పని అయిపోతది."

"బడి తెరిచినకాడి నుంచి ఇదే మాట అంటానవ్. ఇంటి గోడలకు సున్నం లేదు గని, బడిల నేలకు రంగులేస్తాంది నా కోడలు."

పద్మలత నవ్వింది. ములుగు రోడ్డు మీది నర్సక్కపల్లె హైస్కూల్లో ఆమె సోషల్ టీచరు. బడి ముందు ప్రార్థన జరిగే పెద్ద గచ్చు మీద ఏడో తరగతి పిల్లలతో కలిసి ప్రపంచ పటం గీస్తోంది. గోడమీది పటాన్ని దూరం నుంచి చూసే పిల్లలు ఈ పటం మీద నడవాలి. తను దేశం పేరు పిలిస్తే పరుగెత్తి వెళ్లి అక్కడ నిలబడాలి. పాదాలతో నేర్చుకున్నది మరిచిపోరని ఆమె ఆశ. పదో తరగతి పాసై సెలవుల్లో ఉన్న కూతురు స్నేహలత కూడా నాలుగైదు సార్లు వచ్చి సాయం చేసింది.

భర్త వీరభద్రం స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చున్నాడు. చౌరస్తాలో అతనికి మోటారు పంపుల దుకాణం ఉంది.

"స్నేహా, సర్టిఫికెట్లు సర్దుకున్నవా? ఇయ్యాల కాలేజీకి పోతున్నం. ఎంపీసీల ఒక్క సీటు ఆపిపెట్టిండు మా దోస్తు. సాయంత్రం దాకనే ఆగుతనన్నడు."

స్నేహలత ఉప్మా ప్లేటు కింద పెట్టింది. "నేను ఎంపీసీ తీసుకోను డాడీ. హెచ్ఈసీ తీసుకుంట."

"అదేం గ్రూపే?" అంది మొగిలమ్మ.

"హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్ నానమ్మా."

వీరభద్రం నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయాడు. "మార్కులు రానోళ్లు తీసుకునే గ్రూపు అది. నీకు లెక్కల్ల మంచిగనే వచ్చినయి గదా. నీకేం కర్మ?"

"లెక్కలు రాక కాదు డాడీ. నాకు ఇది ఇష్టం."

"ఇష్టమట. రేపు పదిమందిల నా బిడ్డ ఏం చదువుతాందంటే నేను హెచ్ఈసీ అని చెప్పాలె. లోకం నవ్వదా?"

"అమ్మ చదివింది అదే గదా."

పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతోంది. వీరభద్రం భార్య వైపు తిరిగాడు.

"విన్నవా పద్మా? పొద్దున లేస్తే ఆఫ్రికా, అమెరికా అనుకుంట పిల్లకు పిచ్చి అంటించినవ్. నువ్వే చెప్పు. నీ అంత తెలిసినోళ్లు ఎవలున్నరు ఇంట్ల? ఆ గ్రూపుల ఏమన్న ఉన్నదా?"

పద్మలత గరిటె పట్టుకుని నిలబడింది. ఆమెకు స్టాఫ్ రూం గుర్తొచ్చింది. ఏటా సంక్రాంతి దాటగానే లెక్కల సార్ యాదగిరి వచ్చి, "మేడం, మీ పీరియడ్ జర నాకియ్యుండ్రి. సోషల్‌దేముంది, చదువుకుంటే వస్తది" అంటాడు. తను ఏటా ఇచ్చేస్తుంది. దినమూ పాఠానికి ముందు ఏదో ఒక దేశం గురించి చెప్తుంది. అక్కడి పిల్లలు బడికి ఎట్లా పోతారో, ఏం తింటారో, ఏ వాగు దాటుతారో చెప్తుంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. పరీక్షలో మాత్రం గైడులో ఉన్నదే రాస్తారు. ఆ విన్నదంతా ఎక్కడికి పోయిందో ఆమెకు ఎన్నడూ తెలియలేదు.

"డాడీ చెప్పినట్టు ఎంపీసీ తీసుకో తల్లీ," అంది. "అందుల ఏం లేదు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం తర్వాత గాని తెలియలేదు.

స్నేహలత తల్లినే చూస్తోంది. గొంతు పెంచలేదు. "ఏం లేదా? మరి ఇన్నేండ్ల సంది ఆ ఊరి పిల్లలకు ఏం చెప్తానవ్ అమ్మా? వాళ్లకైతే చాలు, నీ బిడ్డకు చాలదా?"

"ఏయ్, తల్లితోని గట్లనా మాట్లాడుడు?" అంది మొగిలమ్మ.

"ఊకో అమ్మా," అన్నాడు వీరభద్రం. "మధ్యాహ్నం నేను బడికే వస్త. ఆన్నుంచే కాలేజీకి పోదాం. అప్పటిదాక మీ అమ్మతోని రంగులేసుకో. ఇదే ఆఖరు."

బస్సులో తల్లీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా దుక్కి దున్నిన చెలకలు వానకు నల్లగా తడిసి ఉన్నాయి. పద్మలత ఒకసారి కూతురి చేతి మీద చేయి వేసింది. స్నేహలత చేయి తీసెయ్యలేదు గాని, ఇటు తిరగలేదు కూడా. వాళ్లకైతే చాలు, నీ బిడ్డకు చాలదా అన్న మాటే తల్లి చెవుల్లో తిరుగుతోంది.

బడి చేరేసరికి గచ్చు ఎండకు ఆరిపోయింది. నీలం సముద్రాల మధ్య పచ్చవి, పసుపువి, ఎర్రవి ఖండాలు వాన కడిగినందుకు మెరుస్తున్నాయి. కొన్ని పేర్లు రాయడమే మిగిలింది. స్నేహలత చిన్న కుంచె తీసుకుని హిందూ మహాసముద్రంలో గొంతుక్కూచుని మడగాస్కర్ మీద అక్షరాలు దిద్దసాగింది. మూడో పీరియడ్‌లో పద్మలత ఏడో తరగతిని బయటికి తెచ్చింది.

"చెప్పులిడిచి రండి. ఇయ్యాల ఆట. నేను దేశం పేరు చెప్త. ఉరికిపోయి దాని మీద నిలవడాలె. ముందు భానుచందర్. మన దేశం."

భానుచందర్ ఉరికి వెళ్లి భారతదేశం మీద రెండు పాదాలూ ఆన్చి నిలబడ్డాడు. వెంటనే వెనుక నుంచి గోల లేచింది.

"ఏయ్, దేశాన్ని తొక్కినవ్ రా."

"దిగు. కండ్లకద్దుకో."

భానుచందర్ గతుక్కుమన్నాడు. పుస్తకానికి కాలు తగిలినట్టు వంగి, నేలను వేళ్లతో తాకి కళ్లకద్దుకుని, బంగాళాఖాతంలోకి దూకాడు. అవమానం పట్టలేక చుట్టూ చూశాడు. ఆట చూస్తూ ఆఫ్రికా మీద నిలబడిన తన తరగతి పిల్ల ఫౌజియా కనిపించింది.

"నన్నంటరు గని, అది జూడుండ్రి. అదెవళ్లది తొక్కుతాంది?"

ఫౌజియా తన కాళ్ల కిందికి చూసుకుంది. నెమ్మదిగా చదివింది. "సూడాన్."

"సూడాన్ల పిల్లగాండ్లు లేరా? వాళ్లకు దేశం కాదా అది?"

అది తగవు కోసం అన్న మాట. కాని ఫౌజియా తగవుగా తీసుకోలేదు. ఒక కాలు ఎత్తింది. ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ వెతికింది. పక్కన ఎర్రసముద్రం మునివేళ్లు మాత్రమే పట్టేంత సన్నగా ఉంది. అక్కడికి మునివేళ్ల మీద దిగి, వంగి సూడాన్‌ను తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. తర్వాత మిగతా పిల్లలు కూడా ఒకరి తర్వాత ఒకరు తమ కాళ్ల కిందికి చూసుకున్నారు. రష్యా ఖాళీ అయింది. బ్రెజిల్ ఖాళీ అయింది. చూస్తుండగానే తరగతి మొత్తం సముద్రాల్లోకి జరిగిపోయింది.

పద్మలతకు ముందు నవ్వొచ్చింది. ఆట అంతా పాడైందనిపించింది. "తొక్కొచ్చురా, ఇది రంగే. ఆడుకునుడు కోసమే వేసినం," అంది.

పిల్లలు ఆమె మాట విన్నారు. ఎవరూ కదల్లేదు.

"మరి నేపాల్ పిలిస్తే ఎట్ల? దాని చుట్టూ సముద్రమే లేదు," అంది మళ్లీ.

పిల్లలు గుసగుసలాడుకున్నారు. ఫౌజియా చెప్పింది. "సముద్రంల నిలవడి వంగి చెయ్యి పెడ్తం మేడం. చెయ్యి పెడ్తే తొక్కినట్టు కాదు, పలకరించినట్టు."

ఇందులో ఒక్క ముక్క కూడా పద్మలత చెప్పింది కాదు. ఏ పుస్తకంలోనూ లేదు. దేశాలు చూపించడానికి పట్టుకున్న కర్రను ఆమె కింద పెట్టేసింది. కూతురు కుంచె ఆపి ఆ పిల్లల కాళ్ల వైపే చూస్తుండటం కనిపించింది.

మధ్యాహ్నం ఎండ ఎక్కాక వీరభద్రం వచ్చాడు. బండి గేటు దగ్గర ఆపి, వాచీ చూసుకుంటూ, చెప్పులతోనే అడ్డంగా గచ్చు ఎక్కి కూతురి వైపు నడిచాడు. స్నేహలతకు సాయంగా పేర్లు దిద్దుతున్న ఫౌజియా తలెత్తింది.

"సార్, జర ఆగుండ్రి. మీరు బ్రెజిల్ల నిలవడ్డరు."

"ఐతే?"

"ఆడ మనుషులుంటరు సార్."

వీరభద్రం కిందికి చూశాడు. పచ్చరంగు మీద తన బురద చెప్పులు. వెనక్కి తగ్గాడు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. "మరి ఆ అక్క దగ్గరికి ఎట్ల పోవాలె?"

"గిట్ల కిందికి దిగి ఆఫ్రికా తిరిగి పోవాలె. సూయజ్ కాలువ దగ్గర తొవ్వ ఉన్నది గని, మీ కాలు పట్టది."

స్నేహలత పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. వీరభద్రం చెప్పులు చేత పట్టుకుని అట్లాంటిక్ దిగి, ఆఫ్రికా కొస చుట్టి, అడుగు తీసి అడుగు వేస్తూ కూతురి దగ్గరికి చేరాడు.

"ఏం ఆటలే ఇవి," అన్నాడు గొంతు తగ్గించి. "లే బిడ్డా. టైమైతాంది."

స్నేహలత లేచి చేతులు తుడుచుకుంది. తల్లి వైపు చూసింది. పద్మలత నోరు తెరిచేలోగా అన్నం గంట మోగింది.

తరగతి గదుల తలుపులు తెరుచుకున్నాయి. పళ్లేలు పట్టుకుని బడి మొత్తం బయటపడింది. వంటశాల గచ్చుకు అవతల ఉంది, అడ్డంగా పరుగెత్తితేనే దగ్గర. ఆకలి మీద ఉన్న పిల్లలు ఇప్పుడు ఏం చూస్తారు, అయిపోయింది అనుకుంది పద్మలత.

ముందు వచ్చేది ఏడో తరగతి. వాళ్లు అమెరికా దగ్గరికి వచ్చి చీలిపోయారు. సగం మంది పై నుంచి, సగం మంది కింది నుంచి. వాళ్ల వెనుక ఎనిమిదో తరగతి వాళ్లు ఎందుకో తెలియకుండానే ఆగి, ముందు వాళ్ల కాళ్లు చూసి, వాళ్లు పోయిన దారినే పోయారు. పదో తరగతి పెద్ద పిల్లలు, ఆరో తరగతి పొట్టి పిల్లలు, అందరూ వాన నీళ్లు రాళ్ల చుట్టూ పారినట్టు ఖండాల చుట్టూ పారారు. పళ్లేల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆరో తరగతి పిల్ల ఒకతి జారి ఆస్ట్రేలియా మీద పడింది. లేచి, మోకాలు దులుపుకోకముందే నేలను తాకి కళ్లకద్దుకుని పరుగు తీసింది. వెనక వస్తున్న యాదగిరి సార్ కూడా ఒక క్షణం నిలబడి, పంచె కొంచెం ఎత్తి పట్టుకుని, పసిఫిక్‌లో పెద్ద పెద్ద అంగలు వేశాడు.

వీరభద్రం, స్నేహలత హిందూ మహాసముద్రం మధ్యలో నిలబడిపోయారు. పిల్లలు వాళ్లకు రెండు వైపులా పోతున్నారు. పటం నిండా అన్ని పాదాలు. దేశాల మీద ఒక్కటీ లేదు.

చివరి పిల్ల కూడా దాటిపోయింది. వీరభద్రం పటం అంచున నిలబడిన భార్య వైపు తిరిగాడు.

"ఇదంతా నువ్వే నేర్పినవా పద్మా?" అన్నాడు.

"నేను నేర్పలే. నేను తొక్కుమనే చెప్పిన."

ఇన్నేళ్లు తను చెప్పిన దేశాలన్నీ ఎక్కడికి పోయాయో ఇప్పుడు పద్మలతకు కళ్ల ముందు కనబడింది. అవి పరీక్ష కాగితంలోకి పోలేదు. ఈ పిల్లల పాదాల్లోకి పోయాయి. అంత పెద్దది తన చేతుల మీదుగా జరుగుతుంటే, పొద్దున వంటింట్లో నిలబడి అందులో ఏం లేదంది తనే.

సముద్రాల వెంట నడిచి కూతురికి ఎదురుగా వచ్చింది.

"స్నేహా, పొద్దున నేను చెప్పిన మాట అబద్ధం తల్లీ. భయపడి చెప్పిన. నా చదువును నేనే తక్కువ చేసుకున్న. నీకు ఏది ఇష్టమైతే అదే తీసుకో." తర్వాత భర్త వైపు తిరిగింది. "మీకు కోపం రావచ్చు. గని నా బిడ్డ అడిగిన ప్రశ్నకు నేను ఇంకోసారి అబద్ధం చెప్పలేను."

స్నేహలత కళ్లు నిండాయి. రంగు ఇంకా పోని చేతులతో తుడుచుకుంటే చెంపకు నీలం అంటింది. వీరభద్రం జేబు రుమాలు తీసి ఇచ్చాడు. సీటు ఆపిన దోస్తుకు చేద్దామని ఫోన్ తీశాడు. దాన్ని చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మీ నానమ్మకు ఎవలు చెప్తరు మరి?" అన్నాడు.

"మీరే," అన్నారు తల్లీకూతుళ్లు ఒకేసారి.

"అదీ నా మెడకేనా." గొంతులో కోపం లేదు. ప్యాంటు మోకాళ్ల దగ్గర కొంచెం పైకి లాక్కుని, కూతురి పక్కన నీలం రంగు మీద చతికిలబడ్డాడు. "సరే. కూసో. మీ అమ్మను చేసుకున్నకాడి నుంచి నేను ఒక్కసారి కూడ అడగలే. ఇప్పుడు అడుగుతాన. ఆ గ్రూపుల ఏమేం చెప్తరు బిడ్డా?"

స్నేహలత రుమాలు మడిచి పక్కన పెట్టింది. కుంచె కొసతో దగ్గరలో ఉన్న ఒక దేశాన్ని చూపించి మెల్లగా మొదలుపెట్టింది. వీరభద్రం వింటున్నాడు. పద్మలత మాట కలపలేదు. తండ్రీకూతుళ్ల మీద ఎండ పడకుండా కొంగు కాస్త చాపి పట్టుకుని నిలబడింది.