పట్టా మీద మూడు దెబ్బలు

ఉల్లిపాయ తరుగుతున్న చిన్నమ్మి చెయ్యి ఆగింది. క్వార్టరు వెనక రైలు పట్టా మీద టంగ్, టంగ్, టంగ్ అని మూడు దెబ్బలు పడ్డాయి. భర్త వెళ్తున్నాడన్నమాట.

జయరావు రైల్వేలో కీమ్యాను. రోజూ పొద్దున్నే భుజాన సంచి, చేతిలో సుత్తితో తన వంతు పట్టాల వెంట మైళ్ల కొద్దీ నడుస్తాడు. పట్టాని బిగించి ఉంచే క్లిప్పుల్ని కొట్టి చూసి, మోతని బట్టి ఏది గట్టిగా ఉందో ఏది వదులైందో చెప్పేస్తాడు. బచేలీ గనుల నుంచి ఇనుప రాయి నింపుకుని విశాఖపట్నం వైపు దిగే బళ్లన్నీ ఆ పట్టాల మీదే పోతాయి. సంతలో కుండని వేలితో కొట్టి, చెవి ఒగ్గి విని మరీ కొనే చిన్నమ్మికి ఆ విద్య వింతగా అనిపించదు.

తమ క్వార్టరు వెనక్కి వచ్చేసరికి అతను మూడు దెబ్బలు కొడతాడు. ఆమె పెరటి గుమ్మంలోకి వెళ్లి గరిటెతో ఇత్తడి బిందెని మూడుసార్లు కొడుతుంది. అతను వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఊపి వెళ్లిపోతాడు. పెళ్లై పార్వతీపురం నుంచి ఈ అడవి దేశానికి వచ్చిన కొత్తలో, భాష తెలియక బెంగపడి ఏడుస్తున్న పిల్ల కోసం అతను కనిపెట్టిన ఆట అది. పదిహేడేళ్లు అలాగే సాగింది.

ఆ శుక్రవారం కూడా చిన్నమ్మి బిందె కొట్టింది. జయరావు చెయ్యెత్తలేదు. తల వంచుకుని సాగిపోయాడు.

నాలుగు నెలలుగా ఇదే తంతు. ఇంట్లోనూ వెనక నుంచి పిలిస్తే పలకడు. ఏం తప్పు చేశానని ఆమె లోలోపల ఎన్నిసార్లు వెతుక్కుందో. మనసు విరిగిపోయిందా? ఏదైనా రోగం దాస్తున్నాడా? పక్కనున్న కిరండూల్లో ఇంకో ఇల్లు గానీ పెట్టలేదు కదా? భయపడడానికి చిన్నమ్మికి పెద్ద కారణాలు అక్కర్లేదు. పాలు విరిగినా ఆ రోజు ఎవరికో ఏదో అవుతుందని సాయంత్రం దాకా గుమ్మం చూస్తుంది.

"అమ్మా, సంతకం పెట్టినావా?" జడ వేసుకుంటూ వచ్చింది కూతురు నూకరత్నం. పదో తరగతి.

"ఏ కాయితం?"

"నాటకాలాడకు. నందే మేడం ఇచ్చింది. రేపు శనివారమే ఆకరు."

ఆ కాగితం దేవుడి పటం వెనక ఉంది. పెట్టింది చిన్నమ్మే. "కనబడ్డం నేదే. ఎక్కడ పారేసినావో," అంది కూతురి కళ్లలోకి చూడకుండా.

నందే మేడం లెక్కల టీచరు. బాసగూడ అమ్మాయి. తెలుగు, దోర్లీ, హిందీ మూడూ ఆమె నోట్లో ఒకే నదిలా కలిసి పారతాయి. ఈ ఏడు ప్రతి శనివారం పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, ఏఐలో ఎలాంటి ఉద్యోగాలు వస్తున్నాయో చెబుతోంది. కంప్యూటరుకి తెలివి నేర్పడమంటే ప్రోగ్రాములు రాయడం ఒక్కటే కాదట. నమూనాలు పోగుచేసే వాళ్లు కావాలి, ఏది తప్పో ఏది ఒప్పో చూసి చెప్పేవాళ్లు కావాలి, మిషను పొరపాటు చేస్తే పట్టుకునే వాళ్లు కావాలి. "మీ ఇంట్ల ఎవలి చెయ్యికో ముక్కుకో ఒక విద్య తెలిసుంటది. అది మిషనుకు చెప్పి చూడుండ్రి. చెప్తుంటే మీకే తెలుస్తది, ఈ పని మీకు పడుతదో లేదో," అందట. గంగే అనే పిల్ల, ఇప్పపువ్వు ఎండిందో లేదో వాసన చూసి చెప్పే తన తల్లిని ఎంచుకుంది. రత్నం తండ్రి చెవిని ఎంచుకుంది. ఆదివారాలు కాలనీ వెనకున్న పట్టాల ముక్క వరకు తండ్రి వెంట వెళ్లి ఒక్కో సుత్తి దెబ్బనీ ఫోన్లో రికార్డు చేసేది. కొట్టాక తండ్రి "గట్టి" అనో "వదులు" అనో చెప్పాలి. బాగా చేసిన పిల్లల్ని వేసవిలో జగదల్‌పూర్‌లో పదిహేను రోజుల శిబిరానికి పంపుతారు. దానికే తల్లి సంతకం.

పదిహేను రోజులు. ఆడపిల్ల. జగదల్‌పూర్. అది చాలదన్నట్టు, నిన్న కుళాయి దగ్గర గ్యాంగు మేస్త్రీ రామ్మూర్తి ఒక పుల్ల వేశాడు.

"ఏటి చిన్నమ్మీ, మీ గుంట రత్నం మీ ఆయన సుత్తికి సవితిని తెస్తందటగా?"

"అదేం మాటన్నయ్యా?"

"మరేటి! మోత మిషనే ఇనీస్తే మడిసెందుకు? ముందు కీమ్యాను ఎల్తాడు, ఆనక మేస్త్రీ ఎల్తాడు. ఇద్దరం కలిసి సీపురుపల్లిలో మేకలు కాసుకుందాంలే!" అని బకెట్టు ఎత్తుకుని నవ్వుకుంటూ పోయాడు.

అతను నవ్వుతూ అన్నాడు. చిన్నమ్మి మాత్రం ఆ మాటని ఇంటిదాకా మోసుకొచ్చింది. కన్నకూతురే తండ్రి నోటి దగ్గర కూడు తీసేస్తుందా? అందుకేనా ఆయన ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాడు?

రత్నం బడికి వెళ్లాక చిన్నమ్మి ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ చేతిలోకి తీసుకుంది. పొద్దున్నే వచ్చే పువ్వుల బొమ్మల్ని ఫోను నిండినప్పుడల్లా చెరిపేది ఆమే. అలాగే వేలు నొక్కి పట్టి, వరసగా ఉన్న రికార్డింగులన్నిటికీ టిక్కు పెట్టింది. రెండొందల పైచిలుకు. ఒక్కటి కూడా వినలేదు. చెరిపేసి, ఫోను బియ్యం డబ్బా మీద పెట్టి, పైడితల్లమ్మకి దణ్ణం పెట్టుకుంది.

సాయంత్రం రత్నం ఫోను చూసుకుంది. మంచం మీద నెమ్మదిగా కూర్చుంది.

"నువ్వే కదూ?"

"ఏటి?"

"అమ్మా, నువ్వే కదూ చెరిపినావు?"

"అవును, నానే! తండ్రి ఉద్యోగం తినీసే మిషనొకటి ఇంట్లోనే తయారవుతుంటే సూస్తా కూకోమంటావా? పదేను రోజులు ఊరుకాని ఊరు పంపి, నీకేటన్నా అయితే నానెవర్నడగాల?"

"ఒక్కటైనా విన్నావా? చెరిపే ముందు ఒక్కటి?"

"ఇనడానికేటుంది అందులో? టంగు టంగుమని ఇనుమే కదా!"

రత్నం ఏదో అనబోయింది. అప్పుడే జయరావు లోపలికి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ ఆగాడు. కూతురు తండ్రి వైపు చూసింది. అతను సన్నగా తల అడ్డంగా ఊపాడు. పిల్ల పెదవి కొరుక్కుని పెరట్లోకి వెళ్లిపోయింది. తండ్రీ కూతుళ్ల మధ్య తనకి తెలియనిది ఏదో ఉందని చిన్నమ్మికి అప్పుడు అర్థమైంది. అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

మర్నాడు రత్నం బడికి వెళ్లలేదు. దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. పట్టా మీద మూడు దెబ్బలు పడ్డాయి. చిన్నమ్మి బిందె కొట్టింది. చెయ్యి లేవలేదు.

కాసేపటికి గుమ్మం ముందు స్కూటీ ఆగింది.

"ఏందక్కా, బిడ్డను ఇయ్యాల బడికి పంపలే?" అంటూ లోపలికొచ్చింది నందే మేడం. రత్నం లేచి, ఏడుస్తూనే జరిగింది చెప్పింది. చిన్నమ్మి దొంగలా గోడ పక్కన నిలబడింది.

మేడం కోప్పడలేదు. "పోతే పోయినయి, మళ్ల చేస్కోవచ్చు. గాని నేను వచ్చింది దానికి కాదక్కా. రత్నం నాకు మొన్న ఒకటి పంపింది. మేడం, ఇప్పుడు నేనేం చెయ్యాలె అని రాసింది. నేను రెండు దినాలు ఆలోచన చేసిన. ఇది నీకు తెల్వకుండ ఉండొద్దు. జర కూసో. విను."

"వద్దు మేడం! నాన్నకి మాటిచ్చాను," అని రత్నం చెయ్యి పట్టుకుంది.

"మాట కన్న మనిషి పెద్దోడు బిడ్డా," అని మేడం తన ఫోను చిన్నమ్మి చేతిలో పెట్టింది.

టంగ్. "గట్టి," జయరావు గొంతు.

టప్. పగిలిన కుండ మోత. చిన్నమ్మికి కూడా తెలిసిపోయింది అది వదులని. "గట్టి," అన్నాడు జయరావు.

"నాన్నా, సరిగ్గా విను," రత్నం గొంతు.

"గట్టేనే. ఇంకోటి కొడతాను."

దూరంగా రైలు కూత. టంగ్. "గట్టి." మళ్లీ కూత, ఈసారి దగ్గరగా. టంగ్. ఆ సుత్తి ఆగలేదు. తర్వాత ఇల్లంతా అదిరేలా రత్నం కేక: "నాన్నా! పక్కకి! పక్కకి రా!" రాళ్ల మీద పరుగు. ఎవరో పడిన చప్పుడు. ఆ వెంటనే గనుల బండి రొద, ఎంతకీ తెగకుండా.

రొద తగ్గాక, రొప్పుతూ జయరావు గొంతు వచ్చింది. "అమ్మకి సెప్పకు. దడుసుకుంటాది. అదసలే బయం మడిసి."

అక్కడితో అయిపోయింది.

చిన్నమ్మి ఫోను పక్కన పెట్టింది. లోకంలో ఉన్న భయాలన్నీ తన నెత్తినే పెట్టుకుని తిరిగింది కదా, మరి ఈ ఒక్కటీ ఎలా తప్పిపోయింది? తప్పిపోలేదు. తను భయపడుతుందనే అందరూ దాన్ని తన కళ్లబడకుండా దాచారు.

"ఎన్నాళ్లనుంచే?"

"నాలుగైదు నెలలు. చెవులు మందగించాయని తెలిస్తే ఉద్యోగం ఉండదేమోనని ఎవరికీ చెప్పలేదు. నాన్నకి బదులు మిషను వింటుందనుకున్నానమ్మా. నాన్న చేతికి కట్టుకునేలా ఏదైనా నేర్చుకుని చేద్దామని..." పిల్ల మాట పూర్తి కాలేదు.

"మిషను తయారయ్యేదాంక రైలు ఆగది బిడ్డా," అంది మేడం మెల్లగా. "ఈ పనిల మొదటి పాఠం ఇదే. ఆపతి ఉన్నదంటే దాన్ని మిషను ఎనక దాచొద్దు. ముందుగాల మనిషిని పక్కకు తియ్యాలె."

చిన్నమ్మి అప్పటికే పెరటి గుమ్మం దాటింది.

చెప్పుల్లేవు. పట్టా పక్కన కంకర మీద కొంగు బిగించి పరుగెత్తింది. పట్టాల మీదికి వెళ్లొద్దని ఇన్నేళ్లుగా కూతురికి చెప్పిన మనిషి, ఆ పక్కనే పడుతూ లేస్తూ వెళ్లింది. వంపు తిరిగాక నారింజ రంగు చొక్కా కనిపించింది. వంగి సుత్తితో కొడుతున్నాడు. "మావా!" అని అరిచింది. తిరగలేదు. "మావా!" కొండ మారుపలికింది గానీ అతను పలకలేదు.

ఎక్కడో దూరాన కూత వినిపించింది. దగ్గరికెళ్లి రెండు చేతులతో అతని జబ్బ పట్టి ఇవతలికి లాగింది. జయరావు ఉలిక్కిపడి సుత్తి వదిలేశాడు. ఆమె ముఖం చూశాక, ఎందుకొచ్చావని అడగలేదు.

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. బండి ఎర్రటి దుమ్ము రేపుతూ పోయింది. పోయాక, అతని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది చిన్నమ్మి.

"రోజూ బిందె కొడతన్నాను. నువ్వు సెయ్యెత్తడం నేదు. నా మీద కోపమనుకున్నాను."

జయరావు ఆమె వంక అలాగే చూశాడు. "కొడతన్నావా?" అన్నాడు. "ఇంకా కొడతన్నావా చిన్నమ్మీ? నువ్వే మానీసినావనుకున్నాను."

అంతే, ఆమెకి దుఃఖం ఆగలేదు. అతని భుజం మీద తల పెట్టి, పుట్టింటి నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురిలా ఏడ్చింది. "నాకు సెప్పండి ఇంకనుంచి. బయపడతాను. బయపడినా సెప్పండి," అంది.

ఇంటికొచ్చాక దేవుడి పటం వెనక కాగితం తీసి, సంతకం పెట్టి మేడం చేతికిచ్చింది. సోమవారం ఆమే దగ్గరుండి అతన్ని రైల్వే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అతను పట్టాల మీద పనికి తగడని డాక్టరు రాశాడు. జయరావు రెండు రోజులు సుత్తి ఒళ్లో పెట్టుకుని పెరట్లోనే కూర్చున్నాడు. తర్వాత స్టేషను పక్కనే పనిముట్ల గదిలో పనికి వేశారు. రామ్మూర్తి వచ్చి, "నానేదో ఏళాకోళానికన్నాను చెల్లీ," అని గుమ్మంలోనే నిలబడ్డాడు. గ్యాంగు యార్డులో పనికిరాని పట్టా ముక్క ఒకటి ఉందని, దాని మీద పిల్ల ఎన్ని దెబ్బలైనా కొట్టుకోవచ్చని తనే అన్నాడు. పైవాళ్లని అడిగి అనుమతి తెచ్చిందీ తనే.

ఆ యార్డులో ప్రతి ఆదివారం రామ్మూర్తి క్లిప్పులు బిగించి, వదులు చేసి కొడితే, రత్నం ఫోను పట్టుకునేది. జయరావు దగ్గర నిలబడి ఎక్కడ కొట్టాలో చూపించేవాడు. కానీ విని చెప్పేది ఎవరు?

"గట్టి," అంది చిన్నమ్మి మొదటి దెబ్బకి, సంకోచంగా. రెండో దెబ్బకి ఆలోచించలేదు. "వదులు. సంతలో కుండలమ్మే లక్కే నాకు అంటగట్టబోయినదానిలాగుంది."

అందరూ నవ్వారు. జయరావు వాళ్ల నవ్వు చూసి నవ్వాడు.

"ఇది కూడ ఒక పనేనక్కా," అంది ఆ రోజు చూడ్డానికొచ్చిన నందే మేడం. "తెలిసినోళ్లు చెప్పకపోతే మిషనుకు ఏం తెలుస్తది?"

పరీక్షలయ్యాక జగదల్‌పూర్ బండెక్కింది రత్నం. మేడం వెంట ఉంది, గంగే పక్కన కూర్చుంది. అయినా చిన్నమ్మి కిటికీ దగ్గర నిలబడి, నీళ్లు కాచి తాగమని, గంగే చెయ్యి వదలొద్దని, బండి ఆగితేనే దిగమని ఒకటే వరస.

"బయమేస్తందా అమ్మా?"

"ఎయ్యదేటి? బోలెడు బయమేస్తంది," అంది చిన్నమ్మి కళ్లు తుడుచుకుంటూ. "అయినా రోజూ పోను సెయ్యి. మంచైనా సెడ్డైనా సెప్పు. ఇంటాను."

బండి కదలబోయింది. చిన్నమ్మి చేతిలోని స్టీలు గిన్నెతో పెట్టె ఇనుప గోడ మీద మూడుసార్లు కొట్టింది. టంగ్, టంగ్, టంగ్.

కిటికీలోంచి కూతురి చెయ్యి లేచింది. చిన్నమ్మి పక్కకి తిరిగింది. ఆ మోత వినపడని జయరావు, ఆమె చేతినే చూస్తూ, తన చెయ్యి కూడా పైకెత్తి ఉన్నాడు.