షట్‌డౌన్ రోజు కరెంటు

దొరస్వామి శవం మిద్దె మీద, మల్లె తొట్లకూ కాగితప్పూల కంచెకూ నడుమ, వెల్లకిలా పడి ఉంది.

గురువారం. టైము పదకొండూ ఇరవై. చింతాద్రిపేటలో, కూవం నదికి రెండు వీధులు ఇవతల, పాతకాలపు ఇల్లు. కింద దొరస్వామి, ఆయన భార్య విజయ. పై వాటాలో అద్దెకుండే ప్రేమ్‌నాథ్. ఆపైన తోట.

ఇన్‌స్పెక్టర్ మృణాళిని శవం పక్కన గొంతుక్కూర్చుంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొసల దగ్గర కాలి ఉన్నాయి. కింది పెదవి మీద మినపగింజంత నల్లటి మచ్చ. పక్కన కంచె కత్తిరించే కరెంటు ట్రిమ్మర్, కటింగ్ ప్లయర్, ఒక టేపు చుట్ట. ట్రిమ్మర్ వైరు మధ్యలో రెండు ముక్కలుగా కోసి ఉంది. ప్లగ్గున్న ముక్క గోడ సాకెట్‌లోనే ఉంది.

ఉద్యోగంలో ఇరవై ఏళ్లు గడిచినా శవం ముందు మొదటి మాట పలకడం ఆమెకు ఇప్పటికీ కష్టమే. ఆ పని హెడ్ కానిస్టేబుల్ నాగలింగం చేసిపెట్టాడు.

"షాక్ మేడమ్. కానీ ఈ పొద్దు షట్‌డౌన్."

అదీ చిక్కు. నెలకోసారి మెయింటెనెన్స్ అని బోర్డువాళ్లు ఆ పేటంతా కరెంటు తీసేస్తారు. సబ్‌స్టేషన్ రికార్డు ప్రకారం ఆవేళ పోయింది 9.02కి. రెండు దాకా రాదు. వీధిలో ఒక్క ఫ్యానూ తిరగడం లేదు. అది చాలనట్టు ఇంటి మెయిన్ స్విచ్చి కూడా దించే ఉంది.

పోనీ తొమ్మిదికి ముందే చనిపోయాడా అంటే అదీ కాదు. పదిన్నరకు ఆకలేస్తోందని మిద్దె మీద నుంచి కేకేశాడని విజయ చెప్పింది. ఆ కేక ఎదురింటివాళ్లూ విన్నారు. పది నలభై అయిదుకు ప్రేమ్‌నాథ్ అరుపు వీధంతా విన్నది.

పదిహేను నిమిషాలు. కరెంటు లేదు. మనిషి కరెంటుతో పోయాడు.

విజయ నడవాలో గోడకానుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఏడుపింకా మొదలుకాలేదు. అడిగినవాటికి మటుకు బుద్ధిగా జవాబు చెబుతోంది.

"మెయిన్ ఎవరు దించారమ్మా?"

"ఆయనే. షట్‌డౌన్ అంటే తొమ్మిది కాంగానే దించేస్తాడు. తిరిగొచ్చేటప్పుడు ఓల్టేజి ఎగిరి ఒకసారి ఫ్రిజ్జు కాలిపోయింది గదా."

"ఇన్వర్టర్ ఉందా?"

"ఈడ యాడిది మేడమ్. లేదు."

"మరి కరెంటు?"

"లేనే లేదు మేడమ్. తొమ్మిదికే పోయింది గదా."

ఆమె ఒక్క ముక్క కూడా అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసిందే చెప్పింది.

సాయంత్రం నాలుగుకల్లా కేసు తేలిపోయిందని స్టేషన్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ప్రేమ్‌నాథ్ మంచం కింద ఒక బ్యాటరీ పెట్టె దొరికింది. చిన్న సూట్‌కేసంత ఉంది. స్విచ్చి నొక్కితే గోడ సాకెట్‌లో వచ్చే కరెంటే అందులోంచీ వస్తుంది. కొన్న బిల్లు అతని పేరు మీదే ఉంది కాబట్టి దాని సంగతి విజయను అడగాలని ఎవరికీ తోచలేదు.

పైగా అతను ఎన్నూరు పవర్ స్టేషన్లో ఎలక్ట్రీషియన్. ముప్పై నాలుగేళ్లు, విజయనగరం వైపు వాడు. తొట్ల నీళ్లు తన గది స్లాబులోంచి కారుతున్నాయని వారం కిందటే దొరస్వామితో వీధికి వినబడేలా పోట్లాడాడు. ఒకనాడు ఈ తోటంతా ఎత్తి కింద పారేస్తానన్నాడు. తగువుంది, చదువుంది, సామానుంది. ఇంతకంటే ఏం కావాలి?

అతను చేశాననలేదు. చేయలేదనీ అనలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. శుక్రవారం కోర్టు అతన్ని పోలీసు కస్టడీకి ఇచ్చింది. సోమవారం పదిన్నరకు హత్య నేరం మీద మళ్లీ కోర్టులో నిలబెట్టాలి.

మృణాళినికి మాత్రం రెండు విషయాలు మింగుడు పడలేదు.

ఒకటి, పెదవి మీది మచ్చ. వైరు తొడుగు పళ్లతో లాగేవాళ్లుంటారు. దొరస్వామి అదే చేస్తున్నాడు. ఒక తీగ పళ్ల మధ్య, ఇంకోటి వేళ్ల మధ్య. వైరును నోట్లో పెట్టుకున్నవాడు అందులో కరెంటు లేదని పూర్తిగా నమ్మి ఉండాలి. ఎదురుగా ఒకడు సూట్‌కేసంత పెట్టె పట్టుకుని నిలబడితే అలా నమ్ముతాడా?

రెండు, ప్లగ్గు. అది గోడలోనే ఉంది. అంటే కరెంటు గోడలోంచే వచ్చింది. ఇంటి లోపలి నుంచి.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఒక్కతే మళ్లీ ఆ ఇంటికి వెళ్లింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. సౌకార్‌పేట నుంచి చుట్టాలు పూట పూటా క్యారియర్లలో అన్నం తెచ్చి నడవాలోనే పెట్టిపోతున్నారు. వంటింట్లోకి నాలుగు రోజులుగా ఎవరూ అడుగు పెట్టలేదు. మెయిన్ స్విచ్చి మీద గురువారం పోలీసులు అంటించిన సీలు అలాగే ఉంది.

వంటింటి మూల అలమర మీద దొరస్వామి తోట పనిముట్లు వరసగా ఉన్నాయి. బ్యాటరీ కత్తెర, మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్. వాటి ఛార్జర్ల వైర్లు కింద నేలదాకా వేలాడుతున్నాయి. అవి వేలాడే చోట నేల మీద చతురస్రంగా దుమ్ము లేదు. ఏదో పెట్టె చాలా రోజులు అక్కడే ఉండి, ఇప్పుడు లేదు.

గట్టు మీద మిక్సీ. జార్ మూత తీసింది. పుల్లటి కంపు కొట్టింది. కొబ్బరి చట్నీ, బూజు పట్టింది. బూజు కింద వెన్నలా మెత్తగా ఉంది.

మృణాళిని మూత పెట్టేసింది. తల ఎత్తి ఫ్యాను స్విచ్చి చూసింది. వేసే ఉంది. షట్‌డౌన్లోనే ఇక్కడ మిక్సీ తిరిగిందని అర్థమై ఆమె నేరుగా స్టేషన్‌కు బయల్దేరింది.

స్టేషన్లో ప్రేమ్‌నాథ్‌ను కూర్చోబెట్టి నేరుగా అడిగింది.

"పెట్టెను గోడకు కలిపే వైరు, రెండు కొసలకూ ప్లగ్గులున్నది, ఏమైంది?"

నాలుగు రోజుల్లో మొదటిసారి అతను తలెత్తాడు.

"కూవంలో పడేశానండి."

"ఎవరు చేశారు దాన్ని?"

"ఆయనే. తుపానప్పుడు నా పెట్టె తీసుకుని చేశారండి. ఒక ప్లగ్గు పెట్టెకి, ఒకటి గోడకి. ఇల్లంతా కరెంటొస్తుంది. ప్రమాదమండీ అని చెప్పాను. వినలేదు. తర్వాత మందు మిషన్ ఛార్జింగ్‌కని పెట్టె వాళ్లింట్లోనే ఉండిపోయింది."

"నీకెలా తెలిసింది?"

"మిద్దె మీద ధబ్బుమని చప్పుడైతే పరిగెత్తానండి. వైరు నోట్లోనే ఉంది. వెంటనే మెట్లు దిగి వచ్చాను. వంటింట్లో ఫ్యాను తిరుగుతోంది. షట్‌డౌన్లో ఫ్యానేంటండి? విజయక్క వీధి గుమ్మంలో ఆకుకూరలామెతో మాట్లాడుతోంది. వైరు పీకేశాను. పెట్టె నా గదిలోకి చేర్చి పైకెళ్లి చూశాను. అయిపోయింది. అప్పుడు అరిచాను."

"ఎందుకు దాచావు?"

అతను మళ్లీ తల వంచుకున్నాడు.

"నేను జైల్లో బతకగలనండి. ఇది తెలిస్తే అక్క బతకలేదు. నాలుగేళ్లు నాకు అన్నం పెట్టింది. ఇంకేదైనా రాసుకోండి మేడమ్."

ఇంకేదైనా రాయొచ్చా అని ఆమె గంటసేపు ఆలోచించింది. కరెంటు ఎక్కడిదో తేలలేదని రాస్తే పెట్టె ఉంది, తగువు ఉంది, సాక్ష్యం మాయం చేసినవాడున్నాడు. పైవాళ్లు హత్య అనే అంటారు. అతన్ని విడిపించగల సాక్షి ఒక్కతే. ఆ ఒక్కతెకే సంగతి తెలియదు.

ఆరోజే అయిదు గంటలకు నడవాలో నలుగురూ చేరారు. విజయ, మృణాళిని, నాగలింగం, అతని పక్కన ప్రేమ్‌నాథ్. చుట్టాలను బయటికి పంపేశారు.

"విజయమ్మా, గురువారం చట్నీ ఎలా రుబ్బారు?"

"మిక్సీలో. చట్నీ లేకుంటే ఆయనకు దోస దిగదు గదా. ఆకలేస్తోందని అరిస్తే, సరి, పెట్టె పెట్టినా."

"కరెంటు లేదన్నారే?"

"అది కరెంటు కాదు గదమ్మా, బ్యాటరీ. బ్యాటరీ కత్తెరతో వానలో కూడా కోసేవాడు. బ్యాటరీ షాక్ కొట్టదని ఆయనే చెప్పినాడు."

ప్రేమ్‌నాథ్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

మృణాళిని మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. కత్తెర బ్యాటరీ చిన్నదనీ, పెట్టెలోంచి వచ్చేది బోర్డు కరెంటంత బలమైనదనీ. గోడకు ప్లగ్గు పెడితే అది మిక్సీతో ఆగదనీ, ఇంట్లో ప్రతి సాకెట్‌కూ పోతుందనీ, మిద్దె మీది సాకెట్‌కు కూడా. ట్రిమ్మర్ పళ్లకు వైరు చిక్కి గాటు పడిందని దొరస్వామి పొద్దుటే పని ఆపాడు. ఎటూ షట్‌డౌన్, మెయిన్ తానే దించాడు, ఇక భయమేముందని వైరు కోసి అతకబోయాడు. ప్లగ్గు తీయాలని కూడా అనుకోలేదు.

విజయ అంతా విన్నది. వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది.

"ముందు మెయిన్ దించాల. అప్పుడు గోడకు ప్లగ్గు. ఆమీద పెట్టె స్విచ్చి. ఈ వరస తప్పబాక అని మూడు తూర్లు నేర్పించినాడు. నేను తప్పలేదమ్మా. మెయిన్ పోయి చూసినా. దించే ఉండె. ఆయన పని ఆయన చేసేసినాడు, సగం పని తప్పిందనుకున్నా."

ఆయన జాగ్రత్త ఆయన పడ్డాడు. ఆమె జాగ్రత్త ఆమె పడింది. ఇద్దరూ ఒకే స్విచ్చిని నమ్మారు. తప్పు ఎవరి మీద మోపాలో మృణాళినికి తెలియలేదు. మోపే మనిషి దొరికితే ఎంత బాగుండునో అనిపించింది.

"ఆయనకు తెలిసుంటుందా, నేనే అని?"

"లేదమ్మా. తెలిసేంత టైము లేదు."

అది నిజమో కాదో ఆమెకు తెలియదు. రిపోర్టులో అలాంటివి రాయరు.

నాగలింగం వాంగ్మూలం రాసుకున్నాడు. విజయ సంతకం పెట్టింది. అక్షరాలు వంకర పోలేదు. ఈ కాగితంతో హత్య కేసు నిలవదని, రేపు కోర్టు నుంచి అతను ఇంటికి వచ్చేస్తాడని మృణాళిని చెప్పింది. విజయ అతని వైపు చూసింది. తమ్ముడూ అని పిలవబోయి ఆగిపోయింది. అతను ఎవరి కోసం నోరు కట్టేసుకున్నాడో ఆ మనిషే మరుసటి నెలలో ఇల్లు ఖాళీ చేసి సౌకార్‌పేట చుట్టాల దగ్గరికి చేరింది. మళ్లీ అతని ముఖం చూడలేదు. అది తర్వాతి మాట.

అప్పటికి ఇల్లు చీకటి పడుతోంది. మృణాళిని గుమ్మం దగ్గరికి వెళ్లి మెయిన్ స్విచ్చి మీది సీలు చించింది. పిడి మీద చెయ్యి వేసింది.

"ఎత్తబాకమ్మా," అంది విజయ వెనక నుంచి. "ఒకసారి పైకి కేకేసి ఎత్తు."

పైన ఎవరూ లేరని నలుగురికీ తెలుసు. మృణాళిని మెట్ల దగ్గరికి నడిచింది. తల పైకెత్తి, మెయిన్ ఎత్తుతున్నామని గట్టిగా చెప్పింది. కాసేపు ఆగింది.

వెనక్కి వచ్చి పిడి పైకెత్తింది. వంటింట్లో ఫ్యాను తిరగడం మొదలెట్టింది.