నల్ల ఫ్రేము ఆర్డరు

ఫోటోలు ప్రింటు వేసే ఆ చిన్న కొట్టు అక్కాచెల్లెళ్లది. ముందు గదిలో మెషీను, కిటికీ లేని వెనక గదిలో కంప్యూటరు, ఒక కుర్చీ. తెలియని నంబరు నుంచి లింకు వస్తే అక్క తెరవదు. ముందు ఫోన్ చేసి, గొంతు విని, ఎవరో ఏమిటో తేల్చుకుంటుంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నది ఆవిడ రోజూ పాడే పాట. చెల్లెలేమో నిప్పు ముట్టుకుంటే గానీ కాలుతుందని నమ్మని రకం. అయినా అమ్మ పోయాక ఆ పిల్లే ఆవిడకి లోకం.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. కొట్టంతా సిరా వాసన, చెమ్మ వాసన. కొట్టు నంబరుకి ఒక లింకు వచ్చింది. దాని కింద రెండు ముక్కలు: 'పెద్ద సైజు, నల్ల ఫ్రేము. నాలుగింటికి వస్తాను.'

నల్ల ఫ్రేము అడిగేది పోయినవాళ్ల ఫోటోలకే. అక్క ఆ నంబరుకి ఫోన్ చేసింది. ఎవరో ఎత్తారు. మాట లేదు... ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"ఎవరండీ? ఎవరి ఫోటో?"

"తను తెరిచేసిందిగా..." అంది అవతలి గొంతు, గుసగుసగా.

అక్కకి వెనక గదిలో ఉన్న చెల్లెలు గుర్తొచ్చింది. కొట్టుకొచ్చే మెసేజీలు వెనక గది కంప్యూటర్లోనూ కనిపిస్తాయి. లోపలికి పరుగెత్తింది.

చెల్లెలు కుర్చీలోనే ఉంది. "ఏంటక్కా ఆ కంగారు? ఏం లేదు ఇందులో. ఖాళీ గది ఫోటో, అంతే."

తెర మీద ఉన్నది ఆ గదే. అదే బల్ల, గోడకి అదే తడి గొడుగు, బల్ల మీద పొగలు కక్కుతున్న అదే టీ కప్పు. కుర్చీ ఒక్కటే ఖాళీ.

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది.

కరెంటు పోయింది.

అక్క చీకట్లో తడుముకుంది. చెయ్యి దొరికింది. గట్టిగా పట్టుకుని, వెనక్కి చూడకుండా ఈడ్చుకుంటూ వీధిలోకి వచ్చి పడింది. ఆగి తిరిగాక కళ్లు కొట్టు గుమ్మం మీదే ఉన్నాయి. ఎవరూ బయటికి రాలేదు. బతికిపోయాం అనుకుంది.

రెండో చేతిలో ఫోను అదిరింది. మళ్లీ లింకు. ఈసారి చెల్లెలి నంబరు నుంచి.

"ఫోను లోపలే వదిలేశావుటే?"

పక్కనుంచి జవాబు లేదు. బెదిరిపోయి ఉంటుంది, పాపం.

అలవాటు చొప్పున అక్క లింకు ముట్టుకోలేదు. ఆ నంబరుకే ఫోన్ చేసింది.

"అక్కా..." చెల్లెలు ఏడుస్తోంది. "నన్నొదిలేసి ఎక్కడికెళ్లావ్? ఎంత తడిమినా తలుపు దొరకట్లేదు..."

అక్క పక్కకి తిరగలేదు. తన చేతిలోని వేళ్లు మెల్లగా బిగుసుకుంటున్నాయి.