బల్ల కింద చేతులు

పొద్దున ఏడింటికల్లా పాలు కాచి గ్లాసులో పోసుకుని, తల్లి కూతురి గది ముందు నిలబడింది. తలుపు వేసే ఉంది. లోపల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. పదింటికి పరీక్ష. నర్సు శిక్షణలో మందుల మోతాదు లెక్కల్లో పిల్ల ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోయినట్టే.

తప్పితే ఒక భయం, పాసైతే ఇంకో భయం. రేపు ఏ రోగికో మందు ఎక్కువ పోసేస్తే, పోలీసులు ఇంటి మీదకొస్తే? ఆ మాట పైకి అనేసింది కూడా. బస్సు డ్యూటీకి బయల్దేరుతున్న భర్త, పిల్ల ఇంకా సూదే పట్టుకోలేదు, నువ్వప్పుడే బెయిలు దాకా వెళ్ళిపోయావని నవ్వేసి పోయాడు.

ఆయనకేం? ఒకప్పుడు బడి నుంచి రాగానే ఒళ్ళో వాలిపోయి ప్రతి కబురూ చెప్పేది ఈ పిల్ల. ఎప్పుడు మానేసిందో తెలీలేదు. ఇప్పుడు పక్కన కూర్చుంటానంటే పుస్తకం మూసేస్తుంది. కాసేపు ఆ పక్కన కూర్చోనిస్తే చాలని తల్లి ప్రాణం కొట్టుకుపోతోంది.

తలుపు తోసింది. పిల్ల గబుక్కున రెండు చేతులూ బల్ల కిందకి దాచేసింది.

ఫోనేమో అనుకుంది తల్లి. పరీక్ష రోజున ఎవరితో కబుర్లని నిలదీసింది, చేతులు చూపించమంది. చూపించనంది పిల్ల. మాటా మాటా పెరిగింది, పాలు బల్ల మీద ఒలికాయి. చివరికి పిల్ల రెండు అరచేతులూ తెరిచి ముందు పెట్టింది. ఏమీ లేదు.

"వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నానమ్మా. రెండో క్లాసులో నువ్వు స్కేలుతో కొట్టావుగా, నలుగురూ నవ్వుతారని. అప్పట్నుంచీ దాచుకునే లెక్కపెడుతున్నా. పరీక్ష హాల్లో చెయ్యి బల్ల కింద పెడితే కాపీ కొడుతున్నాననుకుంటారని అక్కడ అదీ మానేశాను. అందుకే తప్పుతున్నా."

ఒలికిన పాలు తల్లి కొంగుతో తుడిచింది. కొట్టిన మాట నిజమే. చిన్నప్పుడు తననీ టీచరు అందరి ముందూ అలాగే కొట్టింది. కూతురికి ఆ అవమానం రాకూడదని, ముందుగా తనే కొట్టింది. తను మాత్రం ఈ రోజుకీ ఉతికిన బట్టలు వేళ్ళ మీదే లెక్కపెట్టుకుంటుంది, ఎవరూ చూడకుండా.

"ఎక్కడ ఆగావమ్మా?" అంది మెల్లగా.

పూటకి పన్నెండు మిల్లీలీటర్ల మందు, నాలుగు పూటలకి ఎంత అన్నది లెక్క. పన్నెండో ఎక్కం తల్లికీ రాదు. ఆ సంగతే చెప్పి, తన చెయ్యి చాపింది. బొటనవేలు వదిలేస్తే వేలికి మూడు కణుపుల చొప్పున చేతికి పన్నెండు అని చూపించింది.

పిల్ల ఆ చేతిని చూసింది. తర్వాత కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది. తల్లి వెళ్ళి కూర్చుంది. నాలుగు చేతులూ బల్ల మీద వరసగా పెట్టారు, చేతికో పూట. తల్లి కాయలు కాచిన వేళ్ళ మీద, తర్వాత తన వేళ్ళ మీద పిల్ల ఒక్కో కణుపూ తాకుతూ వెళ్ళింది. నలభై ఎనిమిది.

"హాల్లో నాకు రెండు చేతులే ఉంటాయిగా," అంది పిల్ల, నవ్వొస్తుంటే ఆపుకుంటూ.

"ఆ రెండింటినే రెండుసార్లు లెక్కపెట్టు. బల్ల మీదే పెట్టుకో. ఎవరన్నా నవ్వితే మా అమ్మ నేర్పిందని చెప్పు."

ఆ మాట పూర్తయ్యేలోపే తల్లి కళ్ళు నిండిపోయాయి.  పిల్ల ఒక చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో తర్వాతి లెక్క తీసింది.