నూటికి తొమ్మిది పాళ్లు

పెనం మీద పెసరట్టు తిరగేయగానే గోడమీది మూలదర్శిని నెమ్మదిగా చెప్పింది: "ఈ తిప్పే తీరు మీ అత్తగారి నుంచి. నూటికి అరవై పాళ్లు."

"తెలుసులే," అంది అమూల్య విసుగ్గా.

కాకినాడలో ఇప్పుడు ఆ యంత్రం లేని ఇల్లు లేదు. కణతకు అంటించుకున్న బిళ్ల మెదడులోని జాడలు చదివితే, మనిషిలోని ఏ అలవాటు ఎవరి నుంచి వచ్చిందో మూలదర్శిని పాళ్లతో సహా తేలుస్తుంది. పెళ్లిచూపుల్లో జాతకాల బదులు మూలపటాలే మార్చుకుంటున్నారు. అరవై నిండినవారికి జీవితం మొత్తానికీ కలిపి ఒక పటం వస్తుంది. అమూల్య భర్త ప్రద్యుమ్నకు ఆ ఉదయమే వచ్చింది.

ముప్పై ఐదేళ్ల కాపురం. పటంలో మొదటి పేరు తనదే అయి ఉంటుందని ఆమె ధీమా. చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

మృణాళిని బల్ల: ముప్పై ఎనిమిది. తల్లిదండ్రులు: ఇరవై ఆరు. అమూల్య: తొమ్మిది.

"తొమ్మిదా!"

పద్నాలుగో ఏట నుంచీ ప్రద్యుమ్న ప్రతి శనివారం సాయంత్రం బల్లకథకు వెళ్తాడు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. కథాసారథి మృణాళిని కథ చెబుతుంది. మిగిలినవాళ్లు అందులో దొంగలో, వైద్యులో అయిపోయి, ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తూ ముందుకు పోతారు. అంతే. ఇన్నాళ్లూ అమూల్య దాన్ని పిల్లలాట అనుకుని, జంతికల డబ్బా కట్టి మరీ పంపింది. ఇప్పుడు ఒళ్లు మండిపోయింది.

వివరాలు చదివితే ఇంకా మండింది. ఏ కష్టం వచ్చినా అతను సలహా చెప్పకుండా ముందు, "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకే ఆమె అతన్ని ఇష్టపడి చేసుకుంది. తీరా అది ఆ బల్ల దగ్గర సారథి అడిగే ప్రశ్నట! అమూల్య అమ్మ పోయినప్పుడు అందరినీ కూర్చోబెట్టి, టీ తాగేముందు ఒక్కొక్కరి చేతా ఆవిడ గురించి ఒక్కో మాట చెప్పించాడు. అదీ బల్ల ఆచారమే.

"ఎవరి కోసం మొదలైందది?" అని నిలదీసింది.

ప్రద్యుమ్న తల గోక్కున్నాడు. "మా కథలో తాళాలు విప్పే మరుగుజ్జు దొంగ ఒకడు చచ్చిపోయాడు. వాడి కోసం..."

"దొంగకి చేసిన తంతే మా అమ్మకీ చేశావా!"

"అమూల్యా, అది కాదే..."

"ఆవిణ్ణే చేసుకోవాల్సింది. నన్నెందుకు చేసుకున్నావు?"

"ఆటే కదే."

"ఆటయితే మానెయ్. ఆవిడ దగ్గర్నుంచి తెచ్చుకున్నదేదీ ఈ ఇంట్లో ఉండకూడదు!"

ప్రద్యుమ్న భార్య మాట దాటే మనిషి కాదు. బల్ల నుంచి వచ్చిన అలవాటేదైనా తలెత్తితే కణత మీది బిళ్ల మోగేలా ఏర్పాటు చేసుకున్నాడు. శనివారాలు ఇంట్లోనే కూర్చున్నాడు. ప్రశ్న అడగబోయేవాడు, బిళ్ల మోగేది, నోరు మూసుకునేవాడు. ఏం వండమంటావంటే "నీ ఇష్టం." ఉద్యోగం మారనా అని కూతురు ఫోన్ చేస్తే "నీ ఇష్టం." మూడు నెలలు తిరిగేసరికి ఇంట్లో మర్యాదస్తుడైన అతిథి ఒకడు మిగిలాడు.

మూలదర్శిని మాత్రం సంబరంగా చెప్పింది: "అభినందనలు. మీ భర్తలో మీ పాలు ఇరవై రెండుకు చేరింది."

గెలిచానన్న సంతోషం అమూల్యకు రెండు రోజులు నిలిచింది. యంత్రం మిగిలిన మనిషినే కొలుస్తోందనీ, తరిగిపోయిన మనిషి దానికి పట్టడనీ మూడో రోజుకు అర్థమైంది. అయినా పంతం ఆమెను నోరు విప్పనివ్వలేదు.

నాలుగో నెలలో మృణాళిని గుండెపోటుతో పోయింది.

"వెళ్దామా?" అని అడిగింది అమూల్య.

"నీ ఇష్టం."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. జగన్నాథపురంలోని ఆ ఇంట్లో పాత బల్ల, దాని చుట్టూ తల నెరిసిన ముగ్గురు ఆటగాళ్లు, మృణాళిని ఫొటో పెట్టిన ఒక కుర్చీ. అందరి ముందూ టీ ఉంది, ఎవరూ ముట్టలేదు. ఒక్కొక్కరూ ఆవిడ గురించి ఒక్కో మాట చెప్పారు. ప్రద్యుమ్న వంతు వచ్చింది. నోరు తెరిచాడు. బిళ్ల మోగింది. మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ మోగింది. కళ్లు మాత్రం వర్షిస్తున్నాయి.

అప్పటిదాకా ఫొటోకేసి చూస్తూ ఈ ముఖంలో ఏముందా అని లోలోపల ఉడుకుతున్న అమూల్య చటుక్కున లేచింది. భర్త కణత మీది బిళ్లను పీకి పారేసింది.

"ముందు నేను చెప్తాను," అంది. "మృణాళిని గారూ, మీరంటే నాకు కుళ్లు. ఇప్పటికీ కుళ్లే. నేను ముచ్చటపడి చేసుకున్న మనిషిని మీరు తయారుచేశారు. నేనేమో నాలుగు నెలల్లో ఇలా చేసి కూర్చోబెట్టాను."

ప్రద్యుమ్న ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

అమూల్య అతని పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. "శనివారం ఈ బల్ల దగ్గరికి నేనూ వస్తాను. కథ ఇక నువ్వు చెబుదువుగాని. పాచిక మొదట నాకే ఇవ్వాలి. తొమ్మిది పాళ్లతో ఊరుకుంటాననుకున్నావా? ముందు నీ మాట చెప్పు, టీ చల్లారిపోతోంది."

ప్రద్యుమ్న చెప్పడం మొదలుపెట్టాడు. టీ పూర్తిగా చల్లారిపోయాక కూడా చెబుతూనే ఉన్నాడు. అమూల్య కుళ్లుకుంటూనే, ఒక్క మాటా పోనివ్వకుండా విన్నది.