పై గది ఇచ్చిన అనుమతి

మన్సూరాబాద్‌లో మా చెల్లెలు మాలతి ఇల్లు మెయిన్ రోడ్డుకు రెండు గల్లీలు లోపల ఉంటుంది. అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులకు తాళాలు పడ్డాయి, బస్సులు డిపోలు దాటడం లేదు. నేను పల్లెటూరి బడిపంతుల్ని. మా ఊళ్లో సమ్మె శిబిరంలో కూర్చుని కూర్చుని ఒళ్లు అలసిపోయి, ఒకసారి చెల్లెను చూసి వద్దామని ఎవరిదో బండి వెనక ఎక్కి వచ్చాను. తిరిగిపోయే దారి లేక అక్కడే చిక్కుకున్నాను.

ఆ ఇంట్లో అందరూ అలసిపోయే ఉన్నారు. మా బావ నరేష్‌కుమార్ శ్రావణంలో పోయాడు. పోచంపల్లి మగ్గాలకు డిజైన్లు గీసే మనిషి. వాళ్ల నాయన గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు, బావ కంప్యూటర్లో గీసేవాడు. మేడ మీది గదిలో, ఒంట్లో జ్వరం పెట్టుకుని పనిచేస్తూ, ఆ కంప్యూటర్ ముందే కుర్చీలో ఒరిగిపోయాడు. పంతులు నక్షత్రం చూసి ధనిష్ఠా పంచకం అన్నాడు. ప్రాణం పోయిన గదిని ఆరు నెలలు మూసి ఉంచాలి, ఎవరూ తలుపు తీయొద్దు అన్నాడు. తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా రేగుకంప పెట్టారు.

ఆ గడబిడలో కంప్యూటర్ ఆపాలని ఎవరికీ తోచలేదు. కరెంటు పోతే ఆగిపోయేది, వస్తే దానంతటదే లేచేది. కోతలతో విసిగి బావే దాన్ని అట్లా పెట్టుకున్నాడు. సమ్మెతో బొగ్గు రాక కరెంటు పూటకోసారి పోతుండేది. వచ్చినప్పుడల్లా తాళం వేసిన గదిలో టిక్కుమని ఒక చప్పుడు, ఆ వెనక సన్నటి రొద. ఫ్యూజు పీకేద్దామంటే బావ తల్లి యాదమ్మ ఒప్పుకోలేదు. ఆ రొద చెవిన పడుతుంటే కొడుకు పని చేసుకుంటున్నట్టే ఉంటదంది. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. పగలంతా మెట్ల కిందనే చాప వేసుకుని కూర్చునేది.

చిక్కంతా ఆ కంప్యూటర్లోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణం సేటు చెప్పిన చీరలకు బావ కొత్త డిజైను గీశాడు. అందులో సగం గ్రాఫ్ మాత్రమే పోచంపల్లి చేరింది. అక్కడి నేతగాడు బాలమల్లు ఆ సగం చూసి రంగు అద్దకానికి నూలుకు ముడులు కట్టాడు. మిగతా సగం లేకపోతే కట్టిన నూలంతా వృథా. మొగుడు పోయినా మగ్గాలు నేను నడిపిస్తానని మాలతి సేటుకు మాటిచ్చింది. దీపావళికి చీరలు అందకపోతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఆయన మర్యాదగానే కబురు పెట్టాడు. మగ్గాలు చెయ్యిజారితే ఆమె పుట్టింటికి రావడం తప్ప ఇంకో దారి లేదు. రాను అని నాతో ముందే చెప్పేసింది.

కింద హాల్లో ఇంకో కంప్యూటర్ ఉంది, లెక్కలు రాసుకునేది. రెంటికీ మధ్య బావ ఎప్పుడో కేబుల్ వేశాడు. మేడ గది కిటికీ సందులోంచి దిగి, గోడ వెంట వచ్చి, ఒక చిన్న డబ్బాలో కలుస్తుంది. తలుపు తీయకుండా ఈ తీగ మీదుగానే ఫైలు తెచ్చుకోవచ్చని నాకు తోచింది. మా బడికి వచ్చిన కంప్యూటర్లకు దిక్కు నేనే కాబట్టి ఆ మాత్రం తెలుసు.

యాదమ్మ అన్నీ విని, తలుపు తీయవు గద అని మూడుసార్లు అడిగింది. తీయనన్నాను. కంప జరపవు గద అంది. ముట్టుకోనన్నాను.

"ఊళ్లె బడి మూసినవు, మా ఇంట్ల తెరిచినవా సారూ" అని నవ్వి, మళ్లీ మెట్ల వైపు తిరిగింది.

మధ్యాహ్నం మొదలుపెట్టాను. చెల్లెకు కూడా తెలియాలని, పిల్లలకు చెప్పే కథే చెప్పాను. రెండిళ్లకు నడుమ ఒకటే గోడ. ఇద్దరు ఇల్లాళ్లు పచ్చళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ గోడకు ఒక కంత పెట్టుకున్నారు. కంత ఉంటే చాలదు. ఇవతలామెకు అవతలామె పేరు తెలియాలి. ఇద్దరూ ఒక వాడవాళ్లమని ఒప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, గిన్నె ఎవరిదో వాళ్లు తీసుకోమ్మా అనాలి. కంప్యూటర్లూ అంతే.

"పిల్లి దూరితే?" అని అడిగింది మాలతి. చాలా రోజులకు ఆమె ముఖంలో నవ్వులాంటిది కనబడింది.

దూరుతుంది, అందుకే కంతకు మూత పెట్టుకోవాలన్నాను.

ఓపికగా ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. డబ్బా మీద రెండు పచ్చ దీపాలూ మిణుకుమంటున్నాయి, అంటే తీగ బాగానే ఉంది. ఇక్కడి నుంచి పలకరిస్తే పై కంప్యూటర్ బదులిస్తోంది. దాని పేరు మాత్రం తెర మీదికి రాదు. చూస్తే రెంటి వర్క్‌గ్రూప్ పేర్లు వేరు, అంటే వాడలు వేరు. కిందిదాని వాడ పేరు మార్చి, ఆపి, మళ్లీ వేశాను. అంతలో కరెంటు పోయింది. గంట కూర్చున్నాం. కరెంటు వచ్చింది. పైన టిక్కుమంది. ఈసారి 'నరేష్' అన్న పేరు తెర మీద కనబడింది. నొక్కితే, అనుమతి లేదు అంది.

మళ్లీ నొక్కాను. అనుమతి లేదు.

అడ్డం ఎక్కడుందో తెలియనప్పుడు ముందు మన వైపు అడ్డాలన్నీ తీసి చూడాలి. అదే నా పద్ధతి. కంతకు మూతలాంటి ఫైర్‌వాల్‌ను ఆపేశాను. కింది కంప్యూటర్ మొత్తాన్ని షేరింగ్‌లో పెట్టాను. ఎవరికి అని అడిగింది. 'అందరికీ' అన్నాను. చూడడానికేనా, తీసుకోవడానికి కూడానా అంది. పూర్తి అధికారం అని టిక్కు పెట్టాను. పాస్‌వర్డ్ అడగొద్దన్నాను. అయినా పై గది మాట మారలేదు.

అప్పటికి పొద్దు వాలింది. వాన కమ్ముకుని గల్లీ నల్లబడింది. సమ్మె రోజు కాబట్టి రోడ్డు మీద హారన్ లేదు, ఆటో లేదు. ఎల్బీనగర్ చౌరస్తా అంత దగ్గరున్నా అడవిలో ఉన్నట్టే ఉంది. తడిసిన సున్నం వాసన వస్తోంది. నా నడుము పడిపోయింది. కుర్చీలో వెనక్కి వాలి, ఇక కాదని చెల్లెకు చెప్పాను. మన వైపు చేసేదంతా చేశాను, అనుమతి అక్కడి నుంచే రావాలి. ఆ కంప్యూటర్ ముందు ఎవరన్నా కూర్చుని, సరే అని నొక్కాలి.

మాలతి కప్పు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, పక్క మనిషితో అన్నంత మెల్లగా అంది.

"జర ఇయ్యరాదుండ్రి... మగ్గాలు ఆగినయి."

మెట్ల కింది నుంచి యాదమ్మ గొంతు వచ్చింది. "సందెపూట పిలువకు బిడ్డా."

నా వేలు మౌస్ మీదే ఉంది. అలవాటుగా ఇంకోసారి నొక్కాను.

తెరుచుకుంది.

అది అట్లా తెరుచుకోకూడదని ఆమెకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ఇక్కడ కూర్చుని ఎవరూ ఆ అనుమతి ఇవ్వలేరు. కానీ ఫైలు కళ్ల ముందే ఉంది, మనిషి ఆశ అట్లాంటిది. కింది కంప్యూటర్లోకి తెచ్చుకున్నాను. తెరిచి చూశాను. గ్రాఫ్ మొత్తం ఉంది, కొంగు దాకా. పెన్‌డ్రైవ్‌లో వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రేపు ఎవరి బండో దొరికితే పోచంపల్లి వెళ్లి బాలమల్లు చేతిలో పెడతానన్నాను. చెల్లె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కరెంటు పోయింది.

కింద ఇన్వర్టర్ ఉంది కాబట్టి మా తెర వెలుగుతూనే ఉంది. మేడకు ఇన్వర్టర్ లైను లేదు. పైన రొద ఆగాలి.

ఆగలేదు.

తెర మీద ఒక చిన్న పెట్టె లేచింది. ఫైళ్లు పోతున్నప్పుడు కనబడే పచ్చటి గీత. మెల్లగా... నిండుతోంది. నేను ఏదీ నొక్కలేదు. ఇంకా ఏమన్నా పై నుంచి దిగుతోందా అనుకున్నాను. ముందుకు వంగి చదివాను.

దిగడం లేదు. ఎక్కుతోంది. ఇక్కడి నుంచి... పైకి.

పేర్లు ఒక్కొక్కటే మారుతున్నాయి. మాలతి పెళ్లి ఫొటో. మాలతి యాదగిరిగుట్ట మెట్ల మీద. మాలతి వంటింట్లో. నకలు తీసుకోవడం కాదది. ఒక్కొక్కటి పైకి పోగానే ఇక్కడ దాని చోటు ఖాళీ అవుతోంది. రద్దు అన్న మాట మీద నొక్కాను. ఒప్పుకోలేదు. పూర్తి అధికారం నేనే ఇచ్చాను.

మా తల మీద కుర్చీ చక్రాలు కదిలాయి. ఒకసారి... ఆగి, ఇంకోసారి.

డబ్బా దగ్గరికి పోయి కేబుల్ పట్టుకున్నాను. పచ్చ దీపాలు రెండూ మిణుకుమనడం మాని నిలకడగా వెలుగుతున్నాయి. తీగ వెచ్చగా ఉంది, జ్వరం మనిషి మణికట్టులా.

"అన్నా... తియ్యకు."

వెనక్కి తిరిగాను. మాలతి కుర్చీ పక్కనే నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది, తాను అనలేదన్నట్టు.

గొంతు ఆమెదే. వచ్చింది పై నుంచి.

లాగేశాను.

పైన రొద ఆగింది. ఎంత నిశ్శబ్దం అంటే, వాన మొదలైన సంగతి అప్పుడు తెలిసింది. తెర మీది పెట్టె కూడా లేదు. ఫొటోల ఫోల్డరు తెరిచాను. బావ ఒక్కడే నిలబడ్డ ఫొటోలు, యాదమ్మ ఫొటోలు ఉన్నాయి. చెల్లె ఉన్నది ఒక్కటీ లేదు.

మెట్ల కింద యాదమ్మ చేత్తో నేలను తడుముతోంది.

"చక్రపాణీ, గీ వానల పిల్లను ఏడికి తోలినవు?" అంది. "గిప్పుడే నా కాలు దాటుకుంట పోయింది."

మాలతి ఇక్కడే ఉంది అత్తమ్మా అన్నాను.

ముసలామె నమ్మినట్టు లేదు. "ఒక్కతే పోలే" అని, వీధి తలుపు వైపు ముఖం పెట్టి కూర్చుంది.

టార్చి తీసుకుని మెట్లెక్కాను. తాళం వేసినట్టే ఉంది. రేగుకంప పెట్టినట్టే ఉంది. దిగి వచ్చాను. ఆ రాత్రి ముగ్గురం హాల్లోనే, గోడకు ఆనుకుని కూర్చున్నాం. చెల్లె చెయ్యి పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉంది, నాడి ఆడుతోంది. అలసటకు ఎప్పుడో నాకు కన్ను అంటుకుంది.

తెల్లవారి వాన వెలిసింది. వంటింట్లో మాలతి చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఏమీ జరగనట్టే చాయ్ ఇచ్చింది. పక్కింటివాళ్ల బండి అడుగుదామని వాకిట్లోకి వచ్చాను. జేబులో పెన్‌డ్రైవ్ తడిమి చూసుకున్నాను, ఉంది. అప్పుడు ఫోన్ మోగింది. బాలమల్లు.

"సారూ, మీరు పరేషాన్ గాకుండ్రి. గ్రాఫ్ అందింది" అన్నాడు.

ఎట్లా అందిందని అడిగాను.

"మాలతమ్మనే తెచ్చిచ్చింది గద. నిన్న దీపాలు వెట్టే యాళ్లకు. బస్సులు లేవాయె, గంత దూరం ఎట్లొచ్చినవు బిడ్డా అంటే పలుకలే. ఉత్త కాళ్లతోని ఉంది. చాయ్ తాగమంటే గూడ లోపటికి రాలే."

ఒక్కతే వచ్చిందా అన్నాను.

"ఇంకొకాయన గూడ ఉండె సారూ. సూరు కింద చీకట్ల నిలవడ్డడు. మొఖం సూడలే. ఏ ముడికి ఏ రంగో ఆయననే చెప్పిండు, ఆడ్నుంచే. మీ మనిషేనా?"

ఫోన్ పెట్టేశాను. ఫోన్ ఎవరు చేశారో, ఏమన్నారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వంటింటి గుమ్మం దాకా నడిచి ఆగాను. మాలతి వేళ్లు బియ్యంలో కదులుతూనే ఉన్నాయి. తల ఎత్తలేదు.

"అన్నా" అంది, "మీ బావ రంగులు సక్కగ చెప్పిండంటనా?"